కొండ మీది గుండంలో మూడు మునకలు

మా తమ్ముడికి కడుపులో ఎడమపక్క గడ్డలా బల్ల పెరిగింది. ఊరికే జ్వరం వచ్చేది, ఒళ్లంతా ఎండిపోయి పొట్ట మాత్రం ఉబ్బి నిగనిగలాడేది. గిద్దలూరు పోయి తెచ్చిన సీసా మందు ఆరు నెలలు తాగించి విసిగిపోయిన మా అమ్మ, నల్లమల మీది గుండానికి మొక్కుకుంది. కన్నతల్లి అందులో మూడు మునకలు వేసి, చెంబుడు నీళ్లు తెచ్చి బిడ్డకు తాగిస్తే బల్ల కరుగుతుందని మా నమ్మకం. అవి మద్రాసు సర్కారు రోజులు. మాకు సర్కారు కంటే గుండమే దగ్గర.

శివరాత్రి పోయాక, తమ్ముణ్ని నాయనమ్మ దగ్గర వదిలి, పద్నాలుగు మందిమి బయలుదేరాం. ముందు నడిచింది మా పెద్దమ్మ. పుణ్యమంతా తన సద్దిమూటలోనే ఉన్నట్టు నడిచేది. ముళ్లలో, రాళ్లలో రెండు రోజులు ఎక్కాం. నాకప్పుడు పదహారేళ్లు. గుండం చూడాలని ఒకటే పిచ్చి.

రెండో రోజు మధ్యాహ్నం నాకు ముట్టు వచ్చింది. చెప్తే అక్కడే ఏ చెట్టు కిందో వదిలేసి పోతారని నోరు మూసుకున్నాను. మర్నాడు పొద్దున, గుండం ఇంకొక్క మలుపు ఉందనగా అమ్మకూ వచ్చింది. ఆ పిచ్చితల్లి దాచలేదు.

"అక్కా, నేను ముట్టయినాను."

"ఇంకేందమ్మా, ఈడ్నే కూచో," అంది పెద్దమ్మ. "అడుగు ముందుకేస్తే మా అందరికీ పాపం. నీ బదులు కూతురు మునుగుతాదిలే."

అమ్మ నా చేతిలో చెంబు పెట్టి, "తమ్మున్ని తల్చుకోని మునుగు తల్లీ," అంది. తమ్ముడి కోసమే అప్పుడు నోరు విప్పలేదని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. నాకు గుండం చూడాలని ఉంది, అంతే.

మునిగాను. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. ఏ పామూ పడగ విప్పలేదు, ఏ రాయీ దొర్లలేదు. పెద్దమ్మ నా తల నిమిరి, "బంగారు తల్లి" అని మెచ్చుకుని, ఆ నీళ్లే దోసిలిపట్టి తాగింది.

చెంబు నీళ్లు తమ్ముడికి గుక్క గుక్కగా పట్టించాం. ఉగాది రాకముందే పోయాడు. "ముట్టుతో కొండెక్కె, గుండానికి కోపం రాకుంటాదా?" అని పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆమె నోటికి ఎటూ అడ్డూ ఆపూ లేదు. కానీ అమ్మ నమ్మింది. ఈనాటికీ నా కడుపు మండేది అందుకే. "నా బిడ్డను నేనే చంపుకుంటి" అని గోడకు తల కొట్టుకునేది.

నేనూ ముట్టుతోనే మునిగానని ఒక్క మాట చెప్తే ఆమె గుండె బరువు దిగేది. కానీ తమ్ముడి చావు నా మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అంటూ ఇరవై ఏళ్లు గడిపాను.

ఆఖరి రోజున అమ్మ నా చేయి పట్టుకుంది.

"నీవన్నా శుద్ధంగా మునిగినావు తల్లీ."

నేను తల ఊపాను.