తలుపు దగ్గర మనిషి

పెర్పెతువా ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవవు. మనీలా పక్కన నవోటాస్ చేపల రేవులో ఐసు దిమ్మలు లాగే కొక్కెంతో వాళ్ళ నాన్న కొట్టిన గుర్తు అది. వాడు రేవులో మేస్త్రీ ముందు తల ఎత్తేవాడు కాదు. ఇంటికొస్తే మాత్రం చేతికి ఏది దొరికితే దానితో పెళ్ళాన్నీ కూతుర్నీ బాదేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే వాడే. ఒకనాడు తల్లి జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొడుతుంటే, పదిహేనేళ్ళ పెర్పెతువా అదే కొక్కెం తీసి వాడి భుజంలో దించింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

తర్వాత కట్టుకున్నవాడూ ఒకసారి చెయ్యి చేసుకున్నాడు. వెల్లుల్లి దంచే రోకలి వాడి మణికట్టు మీద పడింది, వాడి బట్టల మూట వీధిలో పడింది. "మొదటి దెబ్బకి ఊరుకుంటే రెండోది వాడి హక్కయిపోతుందే" అనేది ఆఫీసులో ఆడపిల్లలతో. అలా అనేటప్పుడు ఆమె గొంతులో కోపం ఉండేది కాదు. అన్నం ఎలా వార్చాలో చెప్పినట్టు చెప్పేది.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి, మనీలాలో ఏసీ అంతస్తులో కూర్చుని చేంజ్ రిక్వెస్టులు చూడటం. కంప్యూటర్లలో ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందు అర్జీ పెట్టాలి, పైవాళ్ళు సరేననాలి, అప్పుడు చేయాలి. ఆ అర్జీలన్నీ ఆమె చేతి మీదుగా పోతాయి. సగం వారం వారం వచ్చేవే. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు తలుపుల తాళాలు నడిపే కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేయడం అలాంటిదే. అలా వేయకపోతే అది మొండికేస్తుంది. ఆపినప్పుడు మాత్రం కాసేపు తాళాలన్నీ ఊడిపోయి, కార్డు లేనివాడు తోసినా తలుపు తెరుచుకుంటుంది. అందుకే ఆమె ముందుగా కింద సెక్యూరిటీ గదికి ఫోన్ చేసేది.

"తెయో అన్నా, లేచావా? తలుపులు వదిలేస్తున్నా."

"అన్నం ముందు కూర్చున్నా తల్లీ."

"ప్లేటు పట్టుకునే నిలబడు. నిన్ను చూసి ఎలాగూ ఎవడూ జడవడు, నీ ప్లేటు చూసైనా ఆగుతాడు."

తెయో నవ్వుకుంటూ వెళ్ళి వీధి తలుపు దగ్గర నిలబడేవాడు. ఈ ఫోన్ సంగతి ఏ అర్జీలోనూ లేదు. ఎవరూ చెయ్యమనలేదు. జోవెలిన్ కోసం ఆమె తనంతట తాను పెట్టుకున్న అలవాటు అది.

జోవెలిన్ పక్క సీటు పిల్ల. మొగుడు ఆర్నుల్ఫో జీప్నీ అనే షేర్ బండి తోలేవాడు. ఒక పొద్దున ఆ పిల్ల పెదవి చీలి, తల మీద ఒకచోట జుట్టు ఊడి ఆఫీసుకు వచ్చింది. పెర్పెతువా ఒక్క ప్రశ్న వేయకుండా ఆమెను తన గదికి తీసుకుపోయి ఉంచుకుంది. అప్పటి నుంచీ ఆర్నుల్ఫో ఆదివారాలు ఆఫీసు ఎదురుగా కూరల బండి దగ్గర నిలబడి, మడత కత్తి తెరుస్తూ మూస్తూ ఉండేవాడు. చేపను చీల్చినట్టు చీలుస్తానని ఒకసారి వీధంతా వినబడేలా అరిచాడు కూడా.

"అక్కా, వాడు లోపలికొస్తే?" అనేది జోవెలిన్.

"కార్డు లేకుండా ఇందులోకి దోమ కూడా రాదు. నేనున్నాగా. తిను."

ఆ మాటే ఆ పిల్లకు కాపలా. దాన్ని నమ్ముకునే రోజూ పనికి వచ్చేది.

ఒకరోజు పై అధికారి బెర్ముదో పెర్పెతువాను పిలిచాడు. ఆఫీసులో ఆమెను పెతాంగ్ అనేవారు. "పెతాంగ్, వారం వారం అదే ముక్క టైపు చేస్తావు, మేం కళ్ళు మూసుకుని సరే అంటాం. ఎందుకొచ్చిన పని? ఒకసారి ఒప్పుకుని వదిలేద్దాం. ఇక కంప్యూటరే అర్జీ పెట్టుకుని, అదే చేసేసుకుంటుంది."

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"ఆదివారం పూట చర్చికి వెళ్ళు."

"నన్ను చూస్తే ఫాదరు జడుసుకుంటాడు."

అందరూ నవ్వారు. ఆమెకీ సంతోషమే. పాత అర్జీ ముందు పెట్టుకుని, ఏది తర్వాత ఏది చేయాలో తానే యంత్రానికి ఎక్కించింది. ఫోన్ సంగతి తట్టలేదు. ఊపిరి పీలుస్తానని ఎవరు రాసిపెడతారు? చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం కాదు యంత్రం. చూసి రమ్మంటే చూసే వస్తుంది.

ఆ వచ్చిన ఆదివారం ఇద్దరూ ఒకే గిన్నెలోని పాన్సిట్ సేమ్యా పంచుకుంటుండగా తలుపు తాళం ఊడి టక్కుమంది. పెర్పెతువా చెయ్యి ఫోన్ మీదికి పోయి ఆగిపోయింది. కిందికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేసింది. అది మోగుతూనే ఉంది. తెయో వెనక గదిలో తీరిగ్గా భోంచేస్తున్నాడు.

తలుపు మీద దీపం పచ్చగా మారగానే తెయో ప్లేటుతో వచ్చి నిలబడటం ఆర్నుల్ఫో ఎన్నో వారాలుగా చూస్తున్నాడు. ఇవాళ దీపం మారింది, ప్లేటు రాలేదు. వాడు వీధి దాటి, వీధి తలుపు తోసి, మెట్లెక్కి, పైన అంతస్తు అద్దం తలుపూ తోశాడు.

"నా వెనక్కి రా" అని పెర్పెతువా అరిచేసరికే కత్తి జోవెలిన్ డొక్కలో దిగింది. రెండో పోటు పడకుండా పెర్పెతువా కత్తిని అలుగు దగ్గరే గుప్పిట పట్టింది. వాడు లాగాడు. వేళ్ళు ఎముక దాకా తెగాయి. ఆమె వదల్లేదు. రెండో చేత్తో గోడకున్న మంటలార్పే సిలిండర్ పీకి వాడి మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలిన చప్పుడు వినపడింది. వాడు పడ్డాడు. ఆ అంతస్తులో ఉన్న నలుగురూ అప్పటికే బాత్రూముల్లో దూరి గడియ పెట్టుకున్నారు.

అంతలో తలుపులు బిగుసుకున్నాయి. యంత్రం తన పని ముగించి తాళాలు వేసేసింది. కార్డులు పనిచేయడానికి ఇంకాస్త సేపు పడుతుంది. అరుపులు విని పరుగున వచ్చిన తెయో బయట నిలబడి అద్దం మీద పిడికిళ్ళతో బాదుతూ లోపల జరిగేదంతా చూశాడు. ఆర్నుల్ఫో చేతిలో కత్తి ఎప్పుడో జారిపోయింది, అయినా పెర్పెతువా ఆగలేదు. పన్ను, దవడ, కన్ను. ఆ ముఖంలో ఆర్నుల్ఫో లేడు, రేవు నుంచి ఇంటికొచ్చిన నాన్న ఉన్నాడు. చంపేసేదే.

"అక్కా," అంది జోవెలిన్ నేల మీద నుంచి. "వాడు లోపలికొచ్చాడక్కా."

నింద కాదు అది. అక్కకు తెలియదేమోనని చెప్పింది. పెర్పెతువా సిలిండర్ వదిలేసి ఆ పిల్ల తలను ఒళ్ళోకి తీసుకుంది. తలుపు తెరుచుకునేసరికి ఆ తల బరువెక్కిపోయింది.

ఆర్నుల్ఫో ఒంటికన్నుతో జైల్లో బతికే ఉన్నాడు. తెయో ఉద్యోగం మానేసి సమర్ దీవిలో తన ఊరికి పోయాడు. మీటింగులో బెర్ముదో తల దించుకుని, "ఎక్కడా తప్పు జరగలేదు, యంత్రం అన్నీ వరసగానే చేసింది" అన్నాడు.

"అవును సార్. నేను చెప్పింది అది చేసింది. నేను చెప్పనిది పిల్లని చంపింది" అంటూ పెర్పెతువా కట్టు కట్టిన చేత్తోనే బల్ల మీద గుద్దింది. కుట్లు తెగి రక్తం కారుతున్నా ఇంకోసారి గుద్దింది. ఎవరూ ఆపలేదు.

మానేస్తుందనుకున్నారు, మానలేదు. ఆదివారం తలుపులు ఊడే ముందు సెక్యూరిటీ గదికి మెసేజ్ దానంతటదే వెళ్ళేలా ఆమే చేసింది. అయినా ఆ వేళకి, ముడుచుకోని రెండు వేళ్ళ మధ్య ఫోన్ ఇరికించుకుని కిందికి చేస్తుంది.

"మెసేజ్ వచ్చేసిందండీ, మళ్ళీ మీరెందుకు?" అంటాడు కొత్తగా వచ్చిన సెక్యూరిటీ మనిషి.

"మెసేజ్ వచ్చిందిలే నాయనా. నువ్వు లేచావా?"

కుర్చీ జరిగిన చప్పుడు వినిపించేదాకా ఆమె ఫోన్ పెట్టదు.