ఎర్రగుడ్డ కట్టిన ట్యాంకు

చెప్పులు విడిచి, మా పట్టుపురుగుల ఇంటి గడప మీద కుడిచెయ్యి ఆనించి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. పెనుకొండ చుట్టుపక్కల నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకే నవ్వుతారు. ఒకసారి మా చేలోని మల్బరీ ఆకు ఒక్కటి తలమీద పట్టుకుని, నేనూ మా ఆవిడా వానలో చుక్క తడవకుండా ఇల్లు చేరామని టీ అంగట్లో చెప్పాను. ఆ నవ్వు ఇంకా ఆగలేదు. కానీ ఈ సంగతి తలచుకుంటే మాత్రం ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

మేము పట్టుపురుగులు పెంచుతాం. పురుగుమందు గాలి సోకినా అవి బతకవు. మా ఇంట్లో దోమల చుట్ట కూడా వెలిగించం. మా ఆవిడ పుట్టింట్లో టమాట సేద్యం. అక్కడికి పోయి వస్తే స్నానం చేసి చీర మార్చుకుంటే తప్ప పురుగుల ఇంట్లో అడుగు పెట్టదు. మా చేను రోడ్డు పక్కన. ఆకు మీద పడిన దుమ్ము కడగడానికి వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయరు ఒకటి ఉంది. మంచినీళ్లు తప్ప దానికి ఇంకో రుచి తెలియదు. ఎవరూ పొరపాటున మందుకు వాడకుండా దాని పట్టీకి మా ఆవిడ ఎర్రగుడ్డ కట్టింది.

పోయిన ఎండాకాలం దాని మోటారు ఆగిపోయింది. హిందూపురంలో రిపేరు అంగడికి తీసుకుపోయాను. అంగడాయన మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. ఆయన తుమ్మితే పక్క అంగడి షట్టరు దానంతట అదే కిందికి దిగుతుంది.

"అన్నా, ఇది పురుగుల ట్యాంకు. మందు చుక్క తగలగూడదు" అన్నాను.

"నాకు చెప్తాండావా? ఆడ పెట్టి పో అప్పా" అన్నాడు.

బాగయిందని ఫోను వస్తే సాయంత్రం పోయి తెచ్చాను. జలుబుతో నా ముక్కు మూసుకుపోయి ఉంది. మరునాడు తెల్లవారగానే చేనంతా నీళ్లు చల్లి, కొమ్మలు కోసి, కింది అరలో పురుగులకు వేశాను. పురుగు కుబుసం విడిచే నిద్రను మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచిన పురుగులవి. గూడు కట్టేముందు వాటి ఆకలికి అంతుండదు. అవి తింటుంటే రేకుల మీద సన్న వాన పడుతున్నట్టు ఉంటుంది.

ఆ వాన వింటూ నిలబడ్డాను. కాసేపటికి ఆగిపోయింది.

మా ఆవిడ టీ తీసుకుని వచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. "ఏమయ్యా, ఈ మందు వాసన యాడిది?"

వంగి చూశాను. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్లలోంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. చూస్తుండగానే ఒక్కొక్కటీ ముడుచుకుపోయింది. మా ఆవిడ ఏడవలేదు. కింది అర మొత్తం ఎత్తి బయట పారబోసింది. తక్కిన అరల్లో పురుగులు బతికే ఉన్నాయి, అంచులదాకా పాకివచ్చి ఆకు వెతుక్కుంటున్నాయి. చేనంతా నిండుగా ఆకు ఉంది. దాంట్లో ఒక్కటి కూడా పెట్టడానికి లేదు. ఆ రోజు గడిచేలోగా మంచి ఆకు దొరకకపోతే అన్నీ పోతాయి.

"ఆ అంగడాయన్నే అడగల్ల. ఆయనకు తెలియని రైతు ఉండాడా?" అంది మా ఆవిడ.

ట్యాంకు వీపున వేసుకుని, పై అర నుంచి నాలుగు పురుగులు టిఫిను డబ్బాలో పెట్టుకుని, గిన్నెలు తోముకునే జాలాడి పక్కన మందు తగలని మల్బరీ మొక్క నుంచి గుప్పెడు ఆకు తుంచుకుని బయలుదేరాను. దారి పొడవునా ఒకటే భయం. ఆయన కాదంటే? కొడితే? అంతకంటే, నవ్వితే? నా మాట నమ్మినవాళ్లు ఈ జిల్లాలో ఎవరున్నారు?

అంగట్లో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ఆయన ఎర్రగుడ్డ చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నా ట్యాంకు ఎవరికిచ్చినావు?"

"ఎవరికీ లేదు. ఏం కత చెప్పనీక వచ్చినావు?"

నేను డబ్బా ఆయన బల్లమీద పెట్టి మూత తీశాను. మంచి ఆకు ఒకటి వేశాను. పురుగులు కరకర తిన్నాయి. ట్యాంకు గొట్టం వంచి రెండో ఆకు మీద నాలుగు చుక్కలు రాల్చాను. "ఇప్పుడు చూడన్నా. నేను ఒక్క మాట గూడా చెప్పను."

అందరూ వంగి చూశారు. తిన్నాయి. ఆగాయి. తలలు ఊపాయి. పచ్చనీళ్లు బల్లమీద కారాయి.

"టమాట రైతు ఒకాయన అర్జెంటని ఒక పూట తీసుకపోయినాడు" అన్నాడాయన, గొంతు దిగిపోయి. "కడిగిచ్చినా అన్నాడు. దుడ్లు ఇస్తా, ఏమనుకోవాకు."

"దుడ్లు పురుగులు తింటాయా? ఆకు కావల్ల. పొద్దు గుంకేలోపల."

ఆయన ఫోను తీసి అగళి పక్కనుండే బామ్మర్దితో కన్నడంలో అరిచాడు. మధ్యాహ్నానికి మా ఇంటికి ఆటో నిండా ఆకు వచ్చింది, దాని వెనకే బండిమీద ఆయనా వచ్చాడు.

బయటి ఆకు వస్తే మేము ముందు కొన్ని పురుగులకే వేసి చూస్తాం. ఒక చేట మీద వేసి ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చున్నాం. అంత మనిషీ వేళ్లు నలుపుకుంటూ, "మా బామ్మర్ది మందు కొట్టడు... కొట్టడనే అనుకుంటా" అన్నాడు. మా ఆవిడ చూసిన చూపుకు చేట వైపు తిరిగి కూర్చున్నాడు. ఎండ గోడ దిగి వాకిట్లోకి పోయింది. చేటలో పురుగులు తింటూనే ఉన్నాయి. అప్పుడు మా ఆవిడ లేచి అన్ని అరలకూ వేసింది. రేకుల మీది ఆ వాన మళ్లీ మొదలయింది. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నేను బయటికి పోయి ముక్కు చీదాను, జలుబుకే అనుకోండి.

ఆ గూళ్ల దారం ధర్మవరంలో ఏదో ఒక మగ్గం ఎక్కే ఉంటుంది.

ఇదంతా చదివి మా ఆవిడ పెన్ను మళ్లీ నా చేతిలో పెట్టింది. రాయక తప్పడం లేదు. ఆ రోజు హిందూపురానికి ఇద్దరం పోయాం. "నువ్వు నోరు తెరిస్తే నిజం గూడా కతైపోతాది, ఈడే నిలబడు" అని నన్ను ఎదురుగా చెరుకురసం బండి దగ్గర నిలబెట్టి, ట్యాంకూ డబ్బా తీసుకుని ఆమె అంగట్లోకి పోయింది. ఆ రోజు అంగట్లో నేను మాట్లాడినట్టు రాసినవన్నీ ఆమె మాటలు, తర్వాత ఆమె చెప్పినవే. నాకు కనిపించింది ఆమె వీపు, ఆయన ముఖం. అటే చూస్తూ గ్లాసులో రసమంతా చొక్కా మీద పోసుకున్నాను. నేను కల్పించింది అంగట్లో నన్ను మాత్రమే.

మల్బరీ ఆకు గొడుగు సంగతి కూడా ఒప్పుకోమంటోంది. ఒప్పుకోను. అది నిజం.