గాలిబండి ముందు నా ఉపన్యాసం

ప్రాణస్నేహితుడు ఏడాదిపాటు పడ్డ కష్టాన్ని అరగంటలో, అదీ చప్పట్ల మధ్య, ఊదిపారేసిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? లేదు కదా. నాకుంది. అందుకే ఈ కథ నేను రాస్తున్నాను, మీరు చదువుతున్నారు.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడు గుంటూరులో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. తీరిక దొరికితే మూఢనమ్మకాల మీద యుద్ధం. తాయెత్తు కనిపిస్తే తెంపమనేవాణ్ణి. దిష్టిబొమ్మ కనిపిస్తే దాంతోనే వాదానికి దిగేవాణ్ణి. నిజానికి నా వాదం చివరిదాకా విన్నది ఆ దిష్టిబొమ్మలే.

కరీముల్లా ప్రత్తిపాడు హైస్కూల్లో నా పక్క బెంచీవాడు. రోడ్డు పక్కన పంక్చర్ షాపు నడిపేవాడు. వాడొక పాత ట్రాలీ ఆటోలో డీజిల్ ఇంజను పీకేసి, గాలితో నడిచే ఇంజను బిగించాడు. సిలిండర్లలో గాలిని గట్టిగా కుక్కి కొంచెం కొంచెంగా వదిలితే, అదే పిస్టన్లను తోస్తుంది. పొగ లేదు, నిప్పు లేదు. వెనక గొట్టం దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది.

పత్తి మిల్లుకు ఇంతకంటే ఏం కావాలి? పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో బీడీ వెలిగించినవాణ్ణి మెడపట్టి గెంటుతారు. ఒక్క నిప్పురవ్వ చాలు, దూది గుట్టలు బూడిద గుట్టలవుతాయి. అందుకే మిల్లు యజమాని సుబ్బారావు గారు, "నా కళ్లముందు పత్తి బోరేలు, ఈ పెద్ద గోతాలు, ఎక్కించి నడిపి చూపించు. నడిస్తే ఇలాంటివి ఆరు చేయిస్తాను" అన్నారు. ఆ ఆరు బళ్ల పని దొరికితే కరీముల్లా పంక్చర్లకు దండం పెట్టి సొంత వర్క్‌షాపు తెరవొచ్చు.

"ఒరేయ్, నువ్వొచ్చి రెండు ముక్కలు చెప్పరా. నాకు బండొచ్చుగానీ మాటలు రావు" అన్నాడు.

నాకు మాటలొచ్చుగానీ రెండు ముక్కలతో ఆపడం రాదని వాడు మరిచిపోయాడు.

ఆ రోజు మిల్లు ఆవరణంతా పత్తి ట్రాక్టర్లు, రైతులు, కూలీలు. మిల్లు డ్రైవరొకడు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఇది సైన్సు బండి! నిమ్మకాయలు పులిహోరలోకి పట్టుకెళ్లు!"

"పెట్టనీరా, నిమ్మకాయేగా" అని గొణిగాడు కరీముల్లా.

"నువ్వు నోర్ముయ్. నువ్వు శాస్త్రవేత్తవి."

వాడు తల పట్టుకుని, బోరేలు తూకం వేయించడానికి షెడ్డులోకి పోయాడు. లోపల మిషన్ల రొద. బయట నా రొద. డ్రైవరు సీట్లో కూర్చుని మైకు అందుకున్నాను. అక్కడే కనిపించింది హారను. లారీల్లో ఉండే పెద్ద గాలి హారను. అదీ ఆ సిలిండర్ల గాలితోనే మోగుతుంది.

"పొగకు సమాధి కట్టే బండి ఇది!" పేఁ...

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినపడితే నేను అత్తారింట్లో కొత్తల్లుణ్ణి, ఇక కదలను.

"నిమ్మకాయల పెత్తనం నశించాలి!" పేఁ... పేఁ...

బండి పక్కనే బోరే మీద కూర్చుంది నాగరత్నమ్మ. మిల్లులో పత్తి ఏరే పెద్దావిడ. చెయ్యెత్తింది.

"మేస్టారూ, ఆ గాలి దాంట్లోకి ఎట్టా పోద్దండీ? ఎవురు కొడతారు?"

అసలైన ప్రశ్న అదే. గాలి ఇంధనం కాదు, దాచిపెట్టుకున్న శక్తి మాత్రమే. దాన్ని కుక్కడానికి కంప్రెసర్ కావాలి, కంప్రెసర్‌కు కరెంటు కావాలి, ఆ కరెంటు కోసం ఎక్కడో బొగ్గు మండుతూ ఉండొచ్చు. ఇక్కడ పొగ లేదంటే ఎక్కడా లేదని కాదు. ఇవన్నీ నాకు తెలుసు. చెబితే చప్పట్లు తగ్గుతాయనీ తెలుసు.

"ప్రశ్నలు చివర్లో అమ్మా!" పేఁ...

ఎండకు చెమటలు కక్కుతున్న రైతులను చూసి మరో ఆలోచన వచ్చింది. సిలిండరు పక్కనున్న చిన్న కుళాయి తిప్పి గాలిని వాళ్ల మొహాల మీదికి వదిలాను. "చూశారా! ఇంజనుకింజను, ఫ్యానుకు ఫ్యాను!" తలపాగాలు ఎగిరాయి. జనం పొంగిపోయారు.

నాగరత్నమ్మ మళ్లీ చెయ్యెత్తింది. ఈసారి సిలిండర్లలో గాలి ఎంతుందో చూపే మీటరు వైపు వేలు చూపించింది.

"మేస్టారూ, ముల్లు..."

"చివర్లో అన్నానా!"

"అది కాదండీ, ముల్లు కిందికి..."

"శాస్త్రీయ దృక్పథానికి మొదటి మెట్టు క్రమశిక్షణ!" పేఁ...

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మైకు దొరికితే చెప్పేవాడికి మీటరు కూడా లోకువే. వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవంటారు గానీ, గాలి పోకడ మాత్రం చూస్తే తెలుస్తుంది. చూడాలంతే.

బోరేలు ఎక్కించాక కరీముల్లా నన్ను సీట్లోంచి దించి తాను కూర్చున్నాడు. సుబ్బారావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బండి కదిలింది. నేను పిడికిలి పైకెత్తాను. బండి సరిగ్గా మూడు బారలు నడిచి, ముసలి ఎద్దులా ఒక్క నిట్టూర్పు విడిచి, తూకం కాటా మీద ఆగిపోయింది. వెనక ట్రాక్టర్లన్నీ హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. వాటి హారన్లు మోగుతున్నాయి, మాది మోగలేదు.

"నేను అప్పుడే అన్లా? నిమ్మకాయ పెట్టనియ్యలా!" అన్నాడు డ్రైవరు. ఆవరణంతా అవునంది. పదేళ్లు నేను కొట్టిన డప్పుకు ఆ ఒక్క క్షణంలో చిల్లు పడింది.

కరీముల్లా మీటరు చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. "పొద్దున్నేగదరా నిండా కొట్టుకొచ్చింది. గాలంతా ఏమైందిరా?"

నా చెయ్యి మళ్లీ మైకు వైపు పోయింది. నాగరత్నమ్మ లేచి, కొంగు సర్దుకుని, బుద్ధిగా చెయ్యెత్తింది.

"మేస్టారూ, ఇదేనా అండీ చివర?"

మిల్లు మిల్లంతా నవ్వింది. సుబ్బారావు గారు కాటాకు ఆనుకుని మరీ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ కరీముల్లా భుజం తట్టారు. "రేపు నిండా కొట్టుకునిరా, మళ్లీ చూద్దాం. ఒక్క షరతు. మేస్టారు గారు రాకూడదు."

మర్నాడు నేను వెళ్లలేదు. బండి నాలుగు ట్రిప్పులు తిరిగింది. కరీముల్లాకు ఆరింటి పనీ వచ్చింది. ఆ బళ్ల మీటర్ల ముళ్లు చూసే పని సుబ్బారావు గారు నాగరత్నమ్మకిచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారట, పేరంతా వాటికే వచ్చింది. గాలికి పోయే కంపను తగిలించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. స్నేహితుడి గాలిని పోగొట్టి, నిమ్మకాయకు నిచ్చెన వేసిన హేతువాదిని మాత్రం నేనొక్కణ్ణే.

కాబట్టి న్యూటన్ సూత్రాలు మూడింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ సభలోనూ "ప్రశ్నలు చివర్లో" అనను. అయితే నా ప్రమాణాన్ని నమ్మి ఊరుకోకండి, అదీ మూఢనమ్మకమే. పొగ రాని బండి అమ్మేవాడైనా, పాపం పోగొట్టే బాబా అయినా, నాలాంటి మైకు పిచ్చివాడైనా సరే, మాట్లాడుతుండగానే లేవండి. శక్తి ఎక్కడినుంచి వస్తోందో అడగండి. కూర్చోమంటే కూర్చోకండి.