లంక మీద నేను తెచ్చిన తుపాను

మా అమ్మాయి ఫోనులో యుద్ధాలాట ఆడుతూ ఓ బుల్లి దేశం తీసుకుంది. పక్కదేశం సైన్యం సరిహద్దుకొచ్చేసరికి “నాన్నా, ఇప్పుడేటి సేయాల?” అంది.

పోర్టు క్వార్టర్స్ దోస్తులూ, గుర్తుందా? మా నాన్న తెచ్చిన పాత సముద్రపు మ్యాపు నేల మీద పరిచి, చింతపిక్కల సైన్యాలతో ఆడేవాళ్లం. అందరికంటే చిన్నవాణ్నని నాకెప్పుడూ లంకే. నాలుగే పిక్కలు. మా అప్పన్న బావకి దోసెడు.

ఓరోజు అప్పన్న “లొంగిపోరా బావా” అంటూ మీదికొచ్చాడు.

“తుపానొచ్చిందిరోయ్!” అని మ్యాపు అంచు పట్టి దులిపేశాను. వాడివి రెండే చెదిరాయి. అంచునున్న నావి నాలుగూ మంచం కిందికి దొర్లిపోయాయి.

“నీ తుపాను నిన్నే ముంచీసింది కదరా!” అని వాడొకటే నవ్వు.

అమ్మాయి ఇంకా నా మొహమే చూస్తోంది. ఈ ఫోనుని దులిపినా ఏమీ రాలదు.