నడినెత్తి దారి

టోపీలు కుట్టే ఆయనకి విమానమంటే భయం లేదు. దాని కిందుండే సముద్రమంటేనే హడలు. చిన్నప్పుడు ఏట్లో మునిగిపోతుంటే అక్క రెక్క పట్టుకుని ఈడ్చి ఒడ్డున పడేసింది. అప్పటినుంచి మోకాల్లోతు నీళ్లు చూసినా ఆయన ఆమడ దూరం పారిపోతాడు. ఇప్పుడా అక్కే, భూమికి ఆ చివరనున్న నగరం నుంచి ఫోన్ చేసింది.

"చూపు మందగిస్తోందిరా తమ్ముడూ. పూర్తిగా పోకముందే ఒక్కసారి నీ మొహం చూడాలనుంది."

ఆయన టికెట్ల ఆఫీసుకి పరుగెత్తాడు. పదివేల ఆరువందల కిలోమీటర్లు, పదమూడు గంటలు అంది అక్కడి అమ్మాయి. సముద్రం కాదండీ, చాలావరకు ఉత్తరాన మంచునేల మీంచే వెళ్తుంది అని కూడా చెప్పింది. ఆయన నమ్మితేగా! కొట్లో గోడకున్న ప్రపంచపటం మీద టేపు పరిచాడు. తిన్నగా లాగితే దారంతా నీలమే.

"ఆ పిల్ల నా చెవిలో పువ్వు పెడుతోంది. తిన్నటి దారి వదిలేసి ఎవడైనా పైకెక్కి దిగుతాడా?" అన్నాడు భార్యతో.

ఆవిడకి నవ్వాగలేదు. "ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల బుర్రలు కొలుస్తారు, మీ బుర్ర మాత్రం వాడరు!" అంటూ టేపు లాక్కుని ఆయన్ని స్టూలు మీద కూలేసింది. రెండు చెవులకీ నాలుగు వేళ్ల ఎత్తున సుద్దతో చెరో చుక్క పెట్టింది. టేపు ఒక చుక్కనుంచి నుదుటి చుట్టూ తిప్పి రెండోదాకా లాగింది. తర్వాత నున్నటి నడినెత్తి మీంచి వేసింది. బెత్తెడు తగ్గింది.

"భూమి గుడ్డముక్కనుకున్నారా, పరిచి కొలవడానికి? అదీ మీ గుండులాంటిదే. వెళ్లి రండి!"

విమానంలో మొదట కళ్లు మూసుకునే కూర్చున్నాడు. తెరిచేసరికి కిందంతా తెలుపు. ఎవరో దుప్పట్లు ఉతికి ఆరేసి మరిచిపోయినట్టు, ఎటు చూసినా తెలుపే. సూర్యుడు అంచున ఆగి, దిగాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. నిద్రో మెలకువో ఆయనకే తెలియలేదు. ఆ మంచులో అక్క చిన్నపిల్లగా ముందు నడుస్తోంది, ఎంత పిలిచినా ఆగడం లేదు.

"చూపుండగానే వచ్చేస్తున్నానక్కా, కాస్త ఆగు," అని గొణిగాడు. పక్క సీటాయన పాపం అనుకుని దుప్పటి కప్పాడు.

తలుపు అక్కే తీసింది. తీసి, తమ్ముడి వైపు కాకుండా కాస్త పక్కకి, గోడకేసి నవ్వింది.

"ఆలస్యం చేశానా అక్కా?" అన్నాడు.

"లేదురా పిచ్చివాడా. చూపు పోయి ఏడాదైంది."

"మరి మొహం చూడాలన్నావు?"

"పోయిందంటే, ఇప్పుడెళ్లి ఏం లాభంలే అని సముద్రాన్ని అడ్డం పెట్టుకుని ఆగిపోతావుగా. అందుకే అబద్ధమాడాను. నువ్వు రావాలిరా నాకు, అంతే."

ఆయన సంచీ గుమ్మంలోనే వదిలేసి, అక్క మొహం ఎటు తిరిగి ఉందో అటు జరిగి, దానికి ఎదురుగా నిలబడ్డాడు.