దానయ్య ఇంట్లో కూలరు ఆపిన సాయంత్రం

ఈస్టరు పండుగ గడిచాక వచ్చిన మొదటి శనివారం, సాయంత్రం. స్థలం: బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో దానయ్య కొడుకు ఉంటున్న క్వార్టరు. హాజరైనవారు: మా పాస్టరుగారు, దానయ్య, అతని భార్య మార్తమ్మ, కొడుకు, కోడలు షారోను, ఆమె పిలిచిన యవ్వనస్థులు కొందరు, నా భార్య సుశీల, నేను. ఏ సంగతి రాసినా మొదట రోజు ఏదో, తరువాత హాజరు రాయడం డైరీ మొదలుపెట్టిన నాటి నుంచీ నాకు అలవాటు గనుక ఈ సాక్ష్యం కూడా అలాగే మొదలైంది, ప్రియ సహోదరులారా, మన్నించండి.

ఆ సాయంత్రం దేవుడు నాకు చేసిన మేలు మీకు తెలియాలంటే, దానికి ముందున్న చీకటి కొంత చెప్పాలి.

నేను రైల్వేలో టిక్కెట్ కలెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. కానీ మన కాలనీల్లో నన్ను ఆ ఉద్యోగంతో ఎరిగినవారు తక్కువ, అందరికీ నేను పాటల అయ్యగారినే. నేను పాడేవాణ్ని, లోకో షెడ్డులో ఫిట్టరైన దానయ్య ఢోలక్ వాయించేవాడు, ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్న జోయేలు హార్మోనియం ముందు కూర్చుని పాటలు కట్టేవాడు. ఇటు నాగ్‌పూర్ వరకూ అటు ఖరగ్‌పూర్ వరకూ తెలుగువాళ్లున్న ప్రతి రైల్వే కాలనీలోనూ కూడికలు పెడితే బిలాస్‌పూర్ పార్టీ వస్తోందా అని అడిగేవారు, మేము డ్యూటీలు మార్చుకుని, ఢోలక్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని జనరల్ బోగీలో వెళ్లి పాడి, మళ్లీ డ్యూటీ వేళకు వచ్చేసేవాళ్లం. ఎంత ఆనందమైన రోజులు! జోయేలు పోయాక కూడా మేమిద్దరం ఆ పని మానలేదు.

అప్పుడు నా మెడలో గడ్డ తేలింది. రాయ్‌పూర్‌లో ఆపరేషను చేశారు. గొంతుకు వెళ్లే నరం దగ్గరే గడ్డ ఉందని, స్వరం దెబ్బతినవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు, అందుచేత ఎవరి మీదా నాకు నింద లేదు. ప్రాణం దక్కింది. స్వరం దక్కలేదు. కట్లు విప్పాక నా నోట వచ్చింది మాట కాదు, పంక్చరైన సైకిల్ ట్యూబులోంచి వచ్చే గాలి!

కొన్నాళ్లకు బాగవుతుందనుకుని ఆ ఏటి క్రిస్మస్ కూడికలో ధైర్యం చేసి నిలబడ్డాను. పల్లవి ఎలాగో గట్టెక్కింది గానీ చరణంలో పైకి వెళ్లవలసిన చోట గొంతు ఒక్కసారిగా ఆరిపోయింది. దానయ్య నన్ను కాపాడాలని దరువు నెమ్మది చేశాడు, ఇంకా నెమ్మది చేశాడు, చివరికి చేతులు ఢోలక్ మీద ఆన్చి ఊరుకున్నాడు. ఎవరైనా నవ్వి ఉంటే భరించేవాణ్ని, సహోదరులారా! ఒకప్పుడు నా పాటకు ఏడ్చిన తల్లులే ఆ రోజు నన్ను చూసి ఏడ్చారు. ఆ తరువాత మా పార్టీ లేదు. కూడికల్లో కీబోర్డు, అందులోనే తయారుగా ఉన్న సంగీతం వచ్చాయి, దానయ్య ఢోలక్‌కు గలీబు తొడిగి అటక మీద పెట్టేశాడు.

ఒక రోజు ఖరగ్‌పూర్ నుంచి ఎవరో ఫోన్ చేశారు. నేను హలో అన్నాను. "కొంచెం పాటల అయ్యగారికి ఇస్తారా?" అన్నారు. "ఆయన లేరండి" అని పెట్టేశాను.

ఆ మాట అన్నాక నిజంగానే లేకుండా పోయాను. గుడికి వెళ్లేవాణ్ని, చివరి బల్ల మీద కూర్చునేవాణ్ని, అందరూ పాడుతుంటే పెదవులు కూడా కదిపేవాణ్ని కాను. ఇంట్లో ప్రార్థన మానేశాను. ఈ గొంతుతో దేవునితో ఏం మాట్లాడను అనిపించేది. డైరీలో ఎండ ఎంత, వాన వచ్చిందా లేదా, అంతవరకే రాసేవాణ్ని. తెల్లవారుజామున వంటింట్లో సుశీల మోకరించి చేసే ప్రార్థన నా చెవిన పడేది: "తండ్రీ, ఈయన గొంతుక నువ్విచ్చిందే. మళ్లీ ఇవ్వకపోతే పోనీ గాని నాయనా, మనిషిని మాత్రం నాకు ఇచ్చీ."

అలా ఉండగా దానయ్యకు గుండె జబ్బు బయటపడింది. రాయ్‌పూర్‌లో ఆపరేషను అన్నారు, ఆదివారం పొద్దున్న బండికి బయలుదేరాలి. అందుకే ఆ శనివారం సాయంత్రం అతని ఇంట ప్రార్థన. బయట వడగాలి, గదిలో కూలరు పెద్ద చప్పుడుతో తిరుగుతోంది. పాస్టరుగారు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, దానయ్యగారికి ఏమైనా కోరిక ఉందా అని అడిగారు.

"మన జోయేలు కట్టిన పాట ఒకటుంది కదా బావా, చెయ్యి విడువవని. అది వినీసి వెళ్తాను" అన్నాడు దానయ్య నా వైపు చూసి.

ఆ పాట ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. జోయేలు కట్టాడు, నేను నేర్చుకున్నాను, ఇప్పుడు దాని మాటలు భూమి మీద నాకొక్కడికే తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను.

"నువ్వే పాడీరాదా?" అన్నాను.

"నాకేటొచ్చు? అన్నేళ్లూ దరువు నేను చూసుకున్నాను, మాటలు నువ్వు చూసుకున్నావు. లోకమంతటినీ టిక్కెట్లు అడిగినోడివి, ఇప్పుడు నాలుగు మాటలు చెప్పడానికి నన్ను టిక్కెట్టు అడుగుతావేటి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రాసిస్తాను, కాగితం తెమ్మన్నాను.

అప్పుడు షారోను నా ముందుకు వచ్చి కూర్చుంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అంకుల్‌గారూ, రాసిస్తే మాకేం లాభం? హమ్ మే సే కిసీకో, మాలో ఒక్కరికీ, తెలుగు చదవడం రాదు. రాగం మాత్రం తెలుసు, మామయ్యగారు రోజంతా అదే తీస్తారు, వీళ్లకూ నేర్పాను. మీరు మాటలు చెప్పండి, పాడేది మేము."

సహోదరులారా, మా అమ్మమ్మ కాలంలో శ్రీకాకుళం వైపు సంఘాల్లో చదువు వచ్చినవారు ఒకరో ఇద్దరో. పెద్ద ఒకరు లేచి పాటలోని ఒక్కొక్క పాదం మాటగా చెప్పేవారు, సంఘమంతా దాన్ని రాగంతో పాడేది, ఆయన తరువాతి పాదం చెప్పేవారు. దాన్ని పాట అందించడం అనేవారు. నేను ఎప్పుడూ పాట అందించినవాణ్ని కాను. పాడగలిగినవాడికి ఆ పని చిన్నదిగా ఉండేది.

దానయ్య వైపు చూశాను. రేపు వెళ్లాక అతను తిరిగి వస్తాడో రాడో! నా పంతంతో ఇతణ్ని పాట లేకుండా పంపించాలా? "ప్రభువా, నా దగ్గర ఉన్నది ఇదే" అని లోపల అనుకుని నోరు తెరిచాను. "చీకటి దారిలో నా చెయ్యి విడువవు" అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మార్తమ్మ లేచి కూలరు ఆపేసింది.

మళ్లీ చెప్పాను. పిల్లలు నా నోటి దగ్గరకు వంగి విని, ఆ పాదాన్ని ఎత్తుకున్నారు. దేవునికి స్తోత్రం! జోయేలు రాగం ఎక్కడా చెదరలేదు! "నా అడుగు తప్పినా నీ అడుగు తప్పదు" అన్నాను, అదీ పాడారు. దానయ్య మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు, అందరి ముఖాల మీదా చెమట కారిపోతోంది, ఒక్కరూ కూలరు వెయ్యమనలేదు, నేను చెప్పిన పాదం వాళ్ల గొంతుల్లో పైకి లేచినప్పుడల్లా నా రొమ్ములో గడ్డకట్టినదేదో కరుగుతోంది, చివరి చరణానికి నా కన్నీళ్లతో మాట ఆగితే సుశీల నా వీపు నిమిరింది. పాట అయ్యాక ఎంతో కాలానికి మొదటిసారి పైకి ప్రార్థన చేశాను. బొంగురు ప్రార్థనే. ఆయన విన్నాడు.

నా గొంతు బాగుపడలేదు, ఇకపై బాగుపడదని డాక్టర్లన్నారు. నన్ను విడిపించింది గొంతు లేమి నుంచి కాదు, దేవుని ముందు మూగగా కూర్చోవడం నుంచి. మహిమ అంతా ఆయనదే! ఇది చదువుతున్న మీలో ఎవరికైనా, ప్రజలు మెచ్చిన వరం చేజారిపోయి ఉంటే, మిగిలినదానితోనే ఆయన దగ్గరకు రండి. ఆయన పాత స్వరం ఏదని అడగడు. దానయ్యకు ఆపరేషను బాగా జరిగింది, ఇప్పుడు ఇంటి వద్దే ఉన్నాడు, మీ ప్రార్థనలకు వందనాలు.

ఇక ఆ మరుసటి ఉదయం సంగతి చెప్పి ముగిస్తాను. గుడి వేళకు ముందే మేమంతా స్టేషనుకు వెళ్లాం. దానయ్యను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. హిందీలో ఏదో ప్రకటన మోగుతోంది, టీ అమ్మేవాళ్ల కేకలు, ఎవరికీ ఏమీ వినబడడం లేదు. ఈసారి నన్ను ఎవరూ అడగలేదు. నేనే కిటికీ ఊచలకు ముఖం ఆన్చి మొదటి పాదం అందించాను. లోపలి నుంచి తోడు వెళ్తున్న షారోను, ప్లాట్‌ఫారం మీద పిల్లలు ఎత్తుకున్నారు. రెండో పాదం చెప్పేలోగా బండి కదిలింది. ఊచల్లోంచి దానయ్య పట్టుకున్న నా చేతిని విడిపించుకోకుండానే నేను కొంత దూరం నడిచాను, నడుస్తూనే చెప్పాను, అతను దరువు తప్ప ఎరగని తన గొంతుతో ఆ పాదం పాడుకుంటూ వెళ్లాడు.