బిగించమన్నాడు బావ

మెకానిక్ షెడ్డులో అతని పేరు డౌటు. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాడు, ఇంకెవరినో అనుకుని.

పనిలో చేరిన కొత్తలో రెంచి తెమ్మంటే తెచ్చి, "ఇదేనా?" అనేవాడు. ఇదే అంటే, "ఇదేగా?" అనేవాడు. అప్పుడు షెడ్డులో పెద్ద మేస్త్రి సొంత బావే, అక్క మొగుడు. "వీడి అక్కని చేసుకునేముందు నేనడగాల్సిన ప్రశ్నలన్నీ ఇప్పుడు వీడడుగుతున్నాడు" అని అందరికీ వినపడేలా అన్నాడాయన. ఆ పూటతో పేరు ఖాయమైంది. ఇప్పుడు డౌటుకి నెత్తి సగం నెరిసింది, షెడ్డు అతని చేతికిందికే వచ్చింది, పేరు మాత్రం ఊడలేదు. ఆలస్యమైతే అయింది, బండి వాడికే ఇవ్వండి అంటారు తెలిసినవాళ్ళు. అనుమానం తీరనిదే అతను ఏ బోల్టు మీదా బలం పెట్టడు.

పోయిన చలికాలంలో బావకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు గానీ తలకిందులైంది. లైటు వెయ్యమంటే ఆర్పమని. తలుపు తియ్యమంటే మూయమని. వేడినీళ్ళు కావాలని అరిచి, తీరా తెచ్చాక చెంబు విసిరికొట్టాడు. మాటలు నేర్పే డాక్టరమ్మ, "కొన్ని తిరగబడతాయి, కొన్ని తిరగబడవు. ఓపిగ్గా కనిపెట్టుకోవాలి" అంది. వంటా, మందులూ, ఆయన స్నానమూ అన్నీ ఒక్కతే చూసుకునే అక్కకి అంత ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? ఆయనేమన్నా తిరగేసి వినాలని ఒక్కటే సూత్రం పెట్టుకుంది. ఇల్లు దాని మీదే నడుస్తోంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి బావ పాత కారే దిక్కు. దాని తలుపు బార్లా తెరుచుకుంటుంది, సీటు కిందికి ఉంటుంది. అక్క ఒక్కతే ఆయన్ని పట్టి కూర్చోబెట్టగలదు. వేరే బళ్ళకైతే ఇంకో మనిషి కావాలి. ఆ కారు వాటర్ పంపు కారడం మొదలుపెట్టింది. ఒకసారి నడిరోడ్డు మీద ఇంజను మరిగి ఆగిపోయాక, అక్క ఆయన్ని ఇంట్లోంచి కదపడం మానేసింది. ఉన్న నాలుగు మాటలు కూడా జారిపోతున్నాయని ఆమె భయం.

సెలవునాడు పొద్దున్నే డౌటు కొత్త పంపు చంకలో పెట్టుకుని వచ్చాడు. బావని కుర్చీతో సహా వాకిట్లోకి తెచ్చి బానెట్టు పక్కన కూర్చోబెట్టారు. నీళ్ళు వదిలేసి, బెల్టూ ఫ్యానూ తీసి, డౌటు పంపు బోల్టులు విప్పాడు. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ కన్నంలోదో అక్కడే గుచ్చాడు. కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో కన్నాలన్నీ కడిగాడు. ఇంక పంపు చేతిలోకి ఊడి రావాలి.

రాలేదు.

చెక్కసుత్తితో అటూ ఇటూ తట్టాడు. తుప్పు వదిలే నూనె కొట్టి, కాసేపాగి మళ్ళీ తట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తొచ్చు. కానీ పంపు అతుక్కుని ఉన్నది ఇంజను అల్యూమినియం ముఖానికి. గీత పడితే జన్మంతా కారుతుంది. పక్కన బోల్టు పట్టుకునే చెవి విరిగితే కారు ఇనప సామానుకి పోవలసిందే. అలాంటి ముఖం ఇప్పుడెక్కడా దొరకదు.

"ఏమైందిరా?" అంది అక్క గడపలోంచి.

"ఏమీ కావట్లేదక్కా, అదే అయింది."

"బిగించు" అన్నాడు బావ.

"విప్పమంటున్నార్రా."

"అన్నీ విప్పేశానక్కా."

"అయితే ఇంకోటేదో దాక్కునుంటుంది. ఆయనకి తెలీదూ?"

డౌటు అక్క చేతి అద్దం తెప్పించుకుని పంపు కిందా వెనకా చూశాడు. దాక్కున్న బోల్టు కనపడలేదు. తన మీసం కనపడింది.

"బిగించు" అన్నాడు బావ మళ్ళీ, ఈసారి ఎడంచేత్తో కుర్చీ చెయ్యి మీద కొడుతూ.

"దేన్ని బావా?"

"నీ బుర్రని" అంది అక్క. "పొద్దున్నించీ ఒక్క పంపు పీకలేకపోయావు."

డౌటు కారు ముందంచు మీద చేతులానించి నిలబడ్డాడు. షెడ్డులో మొండికేసిన పంపులన్నీ బావే తీసేవాడు. ఆ సమయానికి తను ఎప్పుడూ వెనక రేడియేటర్లకి అతుకులు వేస్తుండేవాడు. ఆయన ఏం చేసేవాడో చూసింది లేదు. ఇప్పుడు ఆయన మాట తిరగేస్తే విప్పాలి. విప్పడానికి ఏమీ మిగల్లేదు. తిరగెయ్యకపోతే బిగించాలి. ఊడదీయాల్సినదాన్ని ఎవడైనా బిగిస్తాడా?

చివరికి, బోల్టులన్నీ మళ్ళీ బిగించి విప్పితే ఆ అదురుకైనా వదులుతుందేమో అనుకున్నాడు. అట్టముక్క అందుకుని మొదటి బోల్టు ఎక్కించాడు. చేత్తోనే హాయిగా తిరిగింది, తర్వాత బిర్రున ఆగింది. మర సరిగ్గా పడలేదేమోనని రెంచితో ఇంకో పావుచుట్టు తిప్పాడు.

టక్‌మంది.

డౌటు రెంచి వదిలేసి రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు.

"విరిగిందా?" అక్క మెట్టు దిగి వచ్చేసింది.

అతను వంగి చూశాడు. చెవి చెక్కుచెదరలేదు. పంపుకీ ఇంజనుకీ మధ్య మాత్రం వెంట్రుకంత సందు పడింది. అట్టముక్క కేసి చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. బోల్టు దాని కన్నంలోకి వెళ్ళలేదు, పక్కనున్న ఖాళీ కన్నంలోకి వెళ్ళింది. మరలున్న ఆ ఖాళీ కన్నాలు పంపుకి అటొకటీ ఇటొకటీ ఉన్నాయి. వేరే మోడలుకి ఏదో తగిలించడానికి పెట్టారని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. వాటి వెనక ఇంజనుకి కన్నం లేదు. బోల్టు మొన ఇంజనుని తన్నిపెట్టి పంపుని బయటికి నెడుతోంది.

రెండో కన్నంలో ఇంకో బోల్టు ఎక్కించాడు. ఇటు పావుచుట్టు, అటు పావుచుట్టు. పంపుని కుదురుగా నిలబెట్టే పిన్నులు తుప్పుకి ఉబ్బి ఉన్నాయి, వాటి మీంచి కిర్రుమంటూ పంపు జరిగి జరిగి, చివరికి అతని ఒళ్ళో పడింది. మిగిలిన నీళ్ళు ఎర్రగా కాళ్ళ మీదికి కారాయి.

"బావా! ఇదేనా నువ్వు చెప్పింది? ఈ కన్నాల్లో బిగించమనేనా?"

బావ ముఖం ఒకవైపే కదిలింది. నవ్వో, ఏడుపో తెలియలేదు. "కాదు" అన్నాడు.

"కాదంటే అవునని" అంది అక్క.

"అంతే కదా." డౌటు పంపు నేల మీద పెట్టాడు. "కానీ అక్కా, బిగించమన్నది బిగించమనే. అది తిరగబడలేదు. మరి కాదన్నది కూడా తిరగబడకపోతే?"

"అంటే నీకు ఊరికే తగిలిందంటావా?"

"ఏమో."

"ఒరేయ్, నీ డౌట్లు నాకు అంటించకు." అయినా ఆమె మెట్టు మీద కూలబడింది. నెమ్మదిగా అంది: "మొన్న పక్కింటాయన వస్తే, మీ బావ వెళ్ళమన్నారు. ఉండమంటున్నారని ఆయన్ని చీకటిపడేదాకా కూర్చోబెట్టాను."

"ఆ వాగుడుకాయనా?"

"ఆయన్నే."

బావ కళ్ళు మూసుకున్నాడు.

డౌటు ఇంజను ముఖం శుభ్రంగా తుడిచి కొత్త పంపు బిగించాడు, ఈసారి అట్టముక్కని ముందొకసారి, తర్వాతొకసారి చూసుకుంటూ. నీళ్ళు పోసి స్టార్టు చేస్తే చుక్క కారలేదు. అక్క ఇంజను చప్పుడు విని, వెంటనే డాక్టరమ్మకి ఫోను చేసి, మర్నాటికి రమ్మనిపించుకుంది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అక్క బావ కంచంలో ఒక గరిటె కూర వేసి, రెండోది వెయ్యబోయింది.

"చాలు" అన్నాడు బావ.

గరిటె ఆగింది. ఇన్నాళ్ళూ ఆ మాటకి ఇంకో గరిటె పడేది. అక్క తమ్ముడి వంక చూసింది. డౌటు తన కంచం వంక చూసుకున్నాడు.

"చాలంటే చాలనేనా?" అంది అక్క.

బావ నోరు తెరిచాడు. ఏమనాలో ఆయనకీ తేలలేదు కాబోలు, మళ్ళీ మూశాడు.

అక్క సగం గరిటె వేసింది. బావ ఆ సగం గరిటె కూరనీ, ఆమెనీ మార్చి మార్చి చూసి, ఎడంచేత్తో కంచం దగ్గరికి లాక్కున్నాడు.